ఘాట్ ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి పికప్ పోతోంది, ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. టర్బో మార్చాల్సిందేనా?

విశాఖ డీజిల్:

అందరికీ నమస్కారం. బండి 2015 మోడల్, 1.5 లీటర్ల కామన్ రైల్ డీజిల్, బీఎస్4, మాన్యువల్ గేర్లు, 1,31,000 కిలోమీటర్లు తిరిగింది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) వీజీటీ, అంటే లోపల వేన్లు కదిలే రకం. ఆ వేన్లను కదిపే యాక్చుయేటర్ వ్యాక్యూమ్‌తో (గాలి లాగేసిన ఖాళీతో) లాగే రకం, కరెంటు మోటారు ఉన్నది కాదు.

సమస్య ఇది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ మొదలయ్యాక, మూడో గేర్‌లో 2,500 ఆర్పీఎం దాటుతుండగా ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి చచ్చుబడుతుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా 3,000 దాటదు. చెక్ ఇంజిన్ లైటు ఒక్కోసారి వెలుగుతుంది, ఒక్కోసారి వెలగదు. పక్కకు ఆపి, తాళం తీసి, అర నిమిషం ఆగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే పరిగెడుతుంది. హైవే మీద 80-90లో నిలకడగా వెళ్తే ఎంతదూరమైనా ఇబ్బంది లేదు.

ఇంకో సంగతి. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో బయల్దేరినప్పుడు కొన్ని రోజులు పికప్ మందంగా ఉంటుంది. పది పదిహేను నిమిషాలకు దానంతటదే సర్దుకుంటుంది, ఆపి స్టార్ట్ చేయక్కర్లేదు.

ఎయిర్ ఫిల్టర్ కొత్తది. డీజిల్ ఫిల్టర్ మార్చి 9,000 కిలోమీటర్లు అయింది. ఇంజిన్ ఆయిల్ తగ్గడం లేదు, నీలం పొగ లేదు, ఈల శబ్దం మామూలుగానే ఉంది. జనవరిలో స్కాన్ చేస్తే పి0299 కోడ్ వచ్చింది, చెరిపేశారు. పోయిన వారం చేస్తే పి0234 వచ్చింది. టర్బో పోయిందనీ, కొత్తది వేస్తే 62 వేలు అవుతుందనీ మెకానిక్ అంటున్నాడు. డబ్బు పెట్టే ముందు ఏమేం చూసుకోవాలో చెప్పగలరు.

పది-పదకొండు స్పానర్:

టర్బోకు ఇప్పుడే డబ్బు కట్టకండి. మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి, రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నారు.

ఆపి స్టార్ట్ చేస్తే పోయేది లింప్ మోడ్. అడిగిన బూస్ట్‌కీ (టర్బో ఒత్తి పంపే గాలి పీడనం) వచ్చిన బూస్ట్‌కీ పొంతన కుదరకపోతే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, డీజిల్ తగ్గించి, టర్బోను వదిలేసి, తాళం తీసేదాకా అలాగే ఉంచుతుంది. విరిగిన వస్తువు తాళం తిప్పితే అతుక్కోదు కదా. పొద్దుటిపూట వచ్చి దానంతటదే సర్దుకునే మందం మాత్రం ఈసీయూ నిర్ణయం కాదు. అప్పుడు బూస్టే సరిగా పుట్టడం లేదు. అలా వచ్చిపోయేవాటిలో మొదట అనుమానించాల్సింది వ్యాక్యూమ్ లీకును.

కోడ్లు కూడా అదే చెబుతున్నాయి. పి0299 అంటే అడిగినంత బూస్ట్ రాలేదని. పి0234 అంటే అడిగినదానికంటే ఎక్కువ వచ్చిందని. బేరింగ్ అరిగిన టర్బో, రెక్కలు దెబ్బతిన్న టర్బో తక్కువ ఊదుతుంది గానీ ఎక్కువ ఊదలేదు. కాబట్టి పి0234 చూపించి ‘టర్బో అరిగిపోయింది’ అనడం కుదరదు. ఎక్కువ ఊదుతోందంటే ఊదే సత్తా ఉంది, అదుపు లేదు. అదుపు చేసే భాగాలు టర్బో బయట చాలా ఉన్నాయి, అన్నీ దానికంటే చవకే.

పనితీరు ఒకసారి మనసులో పెట్టుకుంటే మిగతాది తేలిక. వీజీటీలో టర్బైన్ చక్రం చుట్టూ కదిలే వేన్లు ఉంటాయి. వ్యాక్యూమ్ యాక్చుయేటర్ రాడ్‌ను లాగితే వేన్లు మూసుకుని సందు సన్నబడుతుంది, ఎగ్జాస్ట్ వేగంగా కొట్టి చక్రం జోరుగా తిరుగుతుంది. వ్యాక్యూమ్ వదిలితే స్ప్రింగ్ రాడ్‌ను వెనక్కి నెడుతుంది, వేన్లు తెరుచుకుంటాయి, బూస్ట్ పడిపోతుంది. అంటే వ్యాక్యూమ్ ఎక్కడ కారినా బూస్ట్ తక్కువే అవుతుంది. బయటపడాల్సిన వ్యాక్యూమ్ బయటపడకపోయినా, వేన్లు మూసుకున్న చోటే మసితో బిగుసుకున్నా, ఎవరైనా రాడ్‌ను పొట్టి చేసినా బూస్ట్ ఎక్కువవుతుంది.

వ్యాక్యూమ్ దారి ఇలా ఉంటుంది: క్యామ్‌షాఫ్ట్ చివర ఉండే పంపు, అక్కడి నుంచి బ్రేక్ బూస్టర్‌కు ఒక పెద్ద పైపు, సోలెనాయిడ్ వాల్వ్‌కు (కరెంటుతో వ్యాక్యూమ్‌ను అదుపు చేసేది) ఒక సన్న పైపు, సోలెనాయిడ్ నుంచి యాక్చుయేటర్‌కు ఇంకొకటి. సోలెనాయిడ్‌కు మూడో ముక్కు కూడా ఉంటుంది. అది బయటి గాలికి తెరుచుకునేది, చివర చిన్న స్పాంజి ఫిల్టరో, ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు వెళ్లే పైపో ఉంటుంది. ఈ మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. అది దుమ్ముతో మూసుకుపోతే లోపలి వ్యాక్యూమ్ బయటపడే దారి లేక రాడ్ వెనక్కి రాదు, పి0234 కొడుతుంది.

కావాల్సిన సామాను: గేజీ ఉన్న చేతి వ్యాక్యూమ్ పంపు ఒకటి, సన్న పైపుకు సరిపడే మూడు దారుల టీ జాయింటు ముక్క ఒకటి, టార్చి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పంపు దగ్గర 0.8 నుంచి 0.9 బార్ వ్యాక్యూమ్ ఉండాలి, పాదరసం లెక్కలో 600 నుంచి 675 మిల్లీమీటర్లు. స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లలో అక్కడికి చేరాలి. చేరకపోతే పంపో, బ్రేక్ బూస్టర్ పైపో చూడాలి. బ్రేక్ పెడల్ గట్టిపడిందేమో గమనించండి, అది ఇదే వ్యాక్యూమ్ మీద బతుకుతుంది.

తర్వాత యాక్చుయేటర్ పైపు పీకి, చేతి పంపును యాక్చుయేటర్ ముక్కుకు తగిలించి నెమ్మదిగా లాగండి. రాడ్ ఎక్కడ కదలడం మొదలైంది, ఎక్కడ చివరి స్టాప్‌కు తగిలింది, రెండూ రాసుకోండి. రాడ్ పదీ పన్నెండు మిల్లీమీటర్లు, పట్టేయకుండా నడవాలి. చివరికి లాగి పట్టుకుని ఒక నిమిషం చూడండి, ముల్లు దిగకూడదు. దిగితే యాక్చుయేటర్ లోపలి డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగింది. ఇదంతా చల్లటి ఇంజిన్ మీద ఒకసారి, ఘాట్ ఎక్కి వచ్చిన వేడి మీద ఒకసారి చేయాలి. మసి పట్టిన వేన్లు చల్లగా ఉన్నప్పుడు బాగానే కదిలి, వేడెక్కాక పట్టేస్తాయి. వేడి మీద చేసేటప్పుడు చేతికి తోలు గ్లౌజు తప్పనిసరి, టర్బో హౌసింగ్ తగిలితే చర్మం ఊడుతుంది.

వ్యాక్యూమ్ పైపులను కంటితో చూసి బాగున్నాయనుకోవద్దు. ముక్కు మీద ఎక్కే చివర సెంటీమీటరులోనూ, మలుపుల దగ్గరా, ఈజీఆర్ పైపు (ఎగ్జాస్ట్‌లో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) పక్కన వేడి తగిలేచోటా వంచి చూడండి, పగులు వంచితేనే కనిపిస్తుంది. ఎలుకలు కొరికిన గాట్లు కూడా చూడండి, పార్కింగ్‌లో పడుండే బండ్లకు అది మామూలు.

ఒక ప్రశ్న. జనవరిలో పి0299 వచ్చినప్పుడు కోడ్ చెరపడం ఒక్కటే చేశారా, యాక్చుయేటర్ రాడ్ నట్టును ఎవరైనా ముట్టుకున్నారా?

కామన్ రైల్:

పైన చెప్పినదాంతో పేచీ లేదు గానీ, అందరూ గాలి వైపే చూస్తున్నారు, డీజిల్ వైపు ఒక్క మాట చెప్పాలి. గట్టిగా తొక్కితేనే పికప్ పోవడం, ఆపి స్టార్ట్ చేస్తే రావడం, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలోని ఒత్తిడి) పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. ఫిల్టర్ మూసుకుంటే ఐడిల్‌కూ నిలకడ వేగానికీ సరిపడా డీజిల్ వస్తుంది, ఘాట్‌లో ఫుల్ లోడ్ అడిగేసరికి చాలదు. కోడ్ వస్తే పి0087 వస్తుంది. ఆయన 9,000 కిలోమీటర్ల కిందట మార్చారు కాబట్టి అవకాశం తక్కువే, అయినా కొలవకుండా వదిలేయకూడదు. నీళ్లు కలిసిన డీజిల్ ఒక్క ట్యాంకు పడినా కొత్త ఫిల్టర్ పని అయిపోతుంది. ఫిల్టర్ కింద డ్రెయిన్ స్క్రూ విప్పి పారదర్శకమైన సీసాలోకి 100 మిల్లీలీటర్లు పట్టి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. నీళ్లుంటే అడుగున విడిగా కనిపిస్తాయి.

ఈ తరం ఇంజిన్లలో రైల్ ప్రెషర్ ఐడిల్‌లో 250-300 బార్ ఉంటుంది, ఫుల్ లోడ్‌లో 1,400-1,600 వరకూ ఎక్కుతుంది. చూడాల్సింది అంకె ఒక్కటే కాదు, అడిగిన అంకె వెంట వచ్చిన అంకె నడుస్తోందా లేదా అన్నది. పికప్ పోయే క్షణంలో ముందు రైల్ ప్రెషర్ జారిందా, ముందు బూస్ట్ గీత తప్పిందా? ఏది ముందు కదిలితే జబ్బు అక్కడ. లింప్ మోడ్‌లోకి వెళ్లాక రెండూ పడిపోయే ఉంటాయి, అప్పుడు చూసి ప్రయోజనం లేదు.

ఇంకొకటి, ఈ బండి బీఎస్4, 2015ది. ఈ తరగతి బండ్లకు మన దగ్గర డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) సాధారణంగా లేదు, అది 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య ప్రమాణం వచ్చాక డీజిల్ కార్లలో మామూలైంది. కాబట్టి ఎవరైనా డీపీఎఫ్ క్లీనింగ్ అని చెబితే ముందు బండి కిందకు వంగి అది ఎక్కడుందో చూపించమనండి.

ఓబీడీ హైదరాబాద్:

అసలు కొలత ఎలా తీయాలో నేను చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. నిలబెట్టిన బండిలో న్యూట్రల్‌లో రేజ్ చేసి బూస్ట్ చూస్తే ఏమీ తెలియదు. లోడ్ లేనిదే ఎగ్జాస్ట్ లేదు, ఎగ్జాస్ట్ లేనిదే బూస్ట్ లేదు. రోడ్డు మీదే చూడాలి.

ముందు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం కొలిచేది) రీడింగ్ చూడండి. అది వాతావరణ పీడనాన్నే చూపించాలి: విశాఖలో 100-101 కిలోపాస్కల్, హైదరాబాద్ ఎత్తు మీద సుమారు 95. మూడు నాలుగు కిలోపాస్కల్ మించి తేడా ఉంటే సెన్సరే అబద్ధం చెబుతోంది. మ్యాప్ సెన్సర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఈజీఆర్ మసీ ఆయిల్ ఆవిరీ కలిసిన నల్లటి జిగురులో కూర్చుని ఉంటుంది. విప్పి సెన్సర్ క్లీనర్ స్ప్రేతో కడిగి ఆరబెట్టాలి. పిన్ను పెట్టి గీకితే సెన్సర్ పోతుంది.

తర్వాత ఖాళీ రోడ్డు చూసుకోండి. మూడో గేర్, 1,500 ఆర్పీఎం, అక్కడి నుంచి పెడల్ నేలకు తొక్కి 3,500 దాకా. ఎనిమిది నుంచి పది సెకన్లు పడుతుంది. పక్కన ఇంకొకరు కూర్చుని ఫోన్ చూసుకోవాలి, డ్రైవర్ చూడకూడదు. రికార్డు చేయాల్సినవి ఆర్పీఎం, మ్యాప్, ఎంఏఎఫ్ (లోపలికి ఎంత గాలి వెళ్తోందో కొలిచే సెన్సర్), రైల్ ప్రెషర్, నాలుగే. బండి ఓబీడీ సాకెట్‌లో గుచ్చి ఫోన్‌కు అంకెలు పంపే చవక ఈఎల్ఎం327 డాంగిల్‌తో పది అంశాలు పెట్టారంటే ఒక్కో అంకె రెండు సెకన్లకోసారి వస్తుంది, ఓవర్‌బూస్ట్ ఎగిరి పడింది కూడా కనిపించదు.

డాంగిల్‌కు ఇంకో పరిమితి ఉంది. మామూలు ఓబీడీ మ్యాప్ రీడింగ్ ఒకే బైట్, 255 కిలోపాస్కల్ దగ్గర ఆగిపోతుంది. అక్కడ గీత తిన్నగా అడ్డంగా సాగితే బూస్ట్ నిలకడగా ఉందని కాదు, కొలబద్ద అయిపోయిందని. పైగా ఈసీయూ అడిగిన బూస్ట్ ఎంతో అది సాధారణంగా చూపించదు. అడిగిందీ వచ్చిందీ పక్కపక్కన కావాలంటే మీ కంపెనీ డేటా చదివే పెద్ద స్కానర్ కావాలి. గంట అద్దెకు ఇచ్చే ఎలక్ట్రీషియన్లు ఉంటారు, టర్బోకు 62 వేలు పెట్టే ముందు ఆ ఖర్చు పెట్టదగిందే.

ఎంఏఎఫ్ సంగతి కూడా చెప్పాలి. అది మురికి పట్టి గాలిని తక్కువ లెక్కిస్తే ఈసీయూ నల్లపొగ రాకుండా డీజిల్ కోసేస్తుంది. అప్పుడు బండి ఎప్పుడూ ఒకేలా మందంగా ఉంటుంది, ఇలా పిడుగుపడ్డట్టు ఒక్కసారిగా ఆగిపోదు. మీ లక్షణాలకు అది సరిపోలడం లేదు.

విశాఖ డీజిల్:

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే చేశాను, అంకెలు ఇవీ.

తాళం మాత్రమే తిప్పినప్పుడు మ్యాప్ 100, వాతావరణ పీడనం 100. డీజిల్‌లో నీళ్లు లేవు. పంపు దగ్గర వ్యాక్యూమ్ ఐడిల్‌లో 0.87 బార్, వెంటనే చేరింది. బ్రేక్ పెడల్ మామూలే.

పెద్ద స్కానర్ దొరికింది. మూడో గేర్ పరుగులో 2,000 వరకూ అడిగిందీ వచ్చిందీ కలిసే ఉన్నాయి. 2,700 ఆర్పీఎం దగ్గర అడిగింది 224 కిలోపాస్కల్, వచ్చింది 252. రెండు మూడు సెకన్లు అలాగే ఉండి దబ్బున 130కి పడిపోయింది, పి0234. ఆ క్షణం దాకా రైల్ ప్రెషర్ అడిగిన గీత మీదే ఉంది, 1,400 దాటింది. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌తో చేస్తే తిరగబడింది: 2,200 దగ్గర అడిగింది 218, వచ్చింది 171. లింప్‌లోకి వెళ్లలేదు, వేడెక్కాక సర్దుకుంది.

చేతి పంపుతో యాక్చుయేటర్: కదలడం 0.18 బార్ దగ్గర మొదలు, స్టాప్‌కు తగలడం 0.42 దగ్గర. నిమిషం పట్టుకుంటే ముల్లు కదల్లేదు. చల్లగానూ వేడి మీదా అవే అంకెలు, ఎక్కడా పట్టేయలేదు.

స్పానర్ గారూ, మీరు అడిగినదానికి జవాబు: జనవరిలో ‘టర్బో సెట్టింగ్ చేశాను’ అన్నాడు మెకానిక్. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు చూస్తే రాడ్ నట్టు మీది పసుపు పెయింట్ గీత పగిలి ఉంది, రాడ్ మీది గీతకూ నట్టు మీది గీతకూ పొంతన లేదు.

పది-పదకొండు స్పానర్:

అదిగో, అదే. రెండు జబ్బులున్నాయని మొదట అన్నాను, రెండోది మొదటిదానికి చేసిన వైద్యం.

జరిగింది ఇలా ఉంటుంది. వ్యాక్యూమ్ పైపులో ఎక్కడో చిన్న లీకు. దాంతో జనవరిలో వేన్లు సరిపడా మూసుకోక పి0299 వచ్చింది. లీకు వెతక్కుండా రాడ్‌ను పొట్టి చేశారు, అంటే తక్కువ వ్యాక్యూమ్‌కే వేన్లు ఎక్కువ మూసుకునేలా. లీకు ఉన్నంతసేపూ అది సర్దినట్టే కనిపిస్తుంది. లీకు మూసుకున్న రోజున మాత్రం వేన్లు కావాల్సినదానికంటే బిగిసి ఉంటాయి. రాడ్ పొట్టిదైతే వ్యాక్యూమ్ పూర్తిగా వదిలినా వేన్లు చివరిదాకా తెరుచుకోవు. ఘాట్‌లో ఎగ్జాస్ట్ ధార ఎక్కువగా ఉన్నప్పుడు అవి తెరుచుకుని దారి ఇవ్వాలి, ఇవ్వడం లేదు. అందుకే 2,000 దాకా సరిగా ఉండి, 2,700కి 28 కిలోపాస్కల్ ఎగిరింది. హైవే మీద లోడ్ తక్కువ కాబట్టి అక్కడ బయటపడదు.

పొద్దుటి మందానికి కారణం కూడా ఆ లీకే. చల్లటి రబ్బరు గట్టిపడి పగులు తెరుచుకుంటుంది, ఇంజిన్ గది వేడెక్కాక మెత్తబడి మూసుకుంటుంది. పంపు దగ్గర 0.87 వచ్చింది, డయాఫ్రం బాగుంది, కాబట్టి లీకు ఆ రెంటి మధ్యే ఉంది: సన్న పైపులు, జాయింట్లు, లేదా సోలెనాయిడ్.

ఇప్పుడు చేయాల్సిన పని. వేడి మీద ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా రాడ్ లోపలికి లాగి ఉంటుంది, యాక్చుయేటర్ దగ్గరి పైపు చటుక్కున పీకండి. రాడ్ వెంటనే బయటికి దూకాలి. మీ చేతి పంపు అంకెలను బట్టి దూకుతుంది, అయినా చూడండి. తర్వాత పైపు తిరిగి పెట్టి ఇంజిన్ ఆపండి, ఇప్పుడూ రెండు మూడు సెకన్లలో వెనక్కి రావాలి. పైపు పీకితే దూకి, ఆపితే రాకపోతే సోలెనాయిడ్ గాలి ముక్కు మూసుకుందని అర్థం. సోలెనాయిడ్ కనెక్టర్ పీకి రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు కూడా చూడండి, చాలావాటిలో 10 నుంచి 20 మధ్య ఉంటుంది. చల్లగా సరిగ్గా ఉండి వేడి మీద అంతులేకుండా చూపిస్తే కాయిల్ తెగుతోంది.

లీకు పట్టాలంటే పొద్దున్నే, బండి రాత్రంతా చల్లారాక, ఒక్కో పైపు ముక్కనూ విప్పి ఒక చివర వేలితో మూసి రెండో చివర చేతి పంపుతో 0.6 బార్ లాగండి. మధ్యాహ్నం వేడిలో చేస్తే ఏదీ దొరకదు.

లీకు దొరికి మార్చాక మాత్రమే రాడ్ జోలికి వెళ్లండి. పెయింట్ గీతలు కలిసేదాకా నట్టు వెనక్కి తిప్పండి, తిప్పిన చుట్లు లెక్కపెట్టి రాసుకోండి. ఆ పక్కనే లివర్ తగిలే చిన్న స్టాప్ స్క్రూ ఉంటుంది, దాని పెయింట్ సీలు చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. ఫ్యాక్టరీలో గాలి ధార కొలిచి సెట్ చేసేది అది, కంటి అంచనాతో అయ్యే పని కాదు. దాని సీలు కూడా పగిలి ఉంటే టర్బోను విప్పి ఫ్లో బెంచి (గాలి ధార కొలిచే యంత్రం) ఉన్న చోటికి పంపాలి, వేరే దారి లేదు.

కామన్ రైల్:

రైల్ ప్రెషర్ గీత మీదే ఉందంటే నా అనుమానం తీరింది, డీజిల్ వైపు వదిలేయవచ్చు.

పైపు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్లా 4 మిల్లీమీటర్లా చూసి అదే కొనండి, వదులుగా ఉన్నదానికి వైరు చుట్టి బిగిస్తే మళ్లీ అదే లీకు. గోడ మందంగా ఉన్న వ్యాక్యూమ్ గ్రేడ్ పైపు కావాలి. వైపర్ నీళ్ల పైపు, అక్వేరియం పైపు వ్యాక్యూమ్‌కు లోపలికి నలిగిపోతాయి, వేడికి మెత్తబడతాయి. ఈజీఆర్ దగ్గర నుంచి పోయేచోట సిలికాన్ పైపు వేసి, బయట వేడి తట్టే స్లీవ్ తొడిగించండి. పాతదాని దారిలోనే పాత క్లిప్పుల్లోనే పెట్టాలి.

లీకు చూసేటప్పుడే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పెద్ద గొట్టాలు కూడా ఒకసారి తడమండి, ముఖ్యంగా కింది వైపు. చేతికి ఆయిల్ తడి ఒకే చోట తగిలిందంటే అక్కడ గొట్టం చిరిగి ఉండొచ్చు. బూస్ట్ ఎక్కినప్పుడు తెరుచుకుని మిగతా సమయంలో మూసుకునే చిరుగు అది. కంప్రెసర్ గాలితో చూడాలంటే రెగ్యులేటర్ 0.5 బార్‌కు కట్టి సబ్బు నీళ్లు పూయండి, 1 బార్ దాటించకండి.

విశాఖ డీజిల్:

దొరికింది. సోలెనాయిడ్ నుంచి యాక్చుయేటర్‌కు వెళ్లే పైపు, ఈజీఆర్ పైపు దాటే మలుపులో, అడుగు వైపున ఒక సెంటీమీటరు పొడవు పగులు. పొద్దున 0.6 బార్ లాగితే పదిహేను సెకన్లలో సున్నా. అదే ముక్కను ఎండలో పెట్టి మధ్యాహ్నం లాగితే దాదాపు నిలబడింది. సోలెనాయిడ్ 15 ఓమ్‌లు, చల్లగా వేడిగా తేడా లేదు. ఇంజిన్ ఆపితే రాడ్ రెండు సెకన్లలో వెనక్కి వస్తోంది. స్పాంజి ఫిల్టర్ నల్లగా ఉంది, దాన్ని కూడా మార్చాను.

రెండు పైపులూ కొత్తవి వేశాను, మొత్తం మీటరు కూడా పట్టలేదు. తర్వాత నట్టు రెండున్నర చుట్లు వెనక్కి తిప్పితే పెయింట్ గీతలు కలిశాయి. స్టాప్ స్క్రూ సీలు చెక్కుచెదరలేదు. ఇప్పుడు చేతి పంపుతో 0.18 దగ్గర మొదలై 0.55 దగ్గర స్టాప్‌కు తగులుతోంది.

మూడో గేర్ పరుగు: 2,200 దగ్గర అడిగింది 218, వచ్చింది 215. 2,700 దగ్గర అడిగింది 224, వచ్చింది 230 దాకా ఎక్కి ఒక సెకనులో 225కి దిగింది. పొద్దున చల్లగా కూడా ఇంతే. అనంతగిరి ఘాట్ రెండుసార్లు ఎక్కింది, కోడ్ లేదు. ఇంక చేయాల్సింది ఏమైనా ఉందా?

ఓబీడీ హైదరాబాద్:

6 కిలోపాస్కల్ ఎగరడం మామూలే, తొక్కిన క్షణంలో కాస్త దాటి సర్దుకోవడం దాని పద్ధతి. ఈ రికార్డును దాచుకోండి. ఆరు నెలలకోసారి అదే రోడ్డు మీద, అదే గేర్‌లో మళ్లీ తీసి పక్కన పెట్టి చూడండి. ఎగరడం 6 నుంచి 15కి, 20కి పాకుతుంటే వేన్లకు మసి పడుతోందని కోడ్ రాకముందే తెలుస్తుంది.

పది-పదకొండు స్పానర్:

నట్టును లాక్ చేసి కొత్త పెయింట్ గీత పెట్టండి, రేపు ఎవరు ముట్టినా తెలుస్తుంది.

ఇన్నాళ్లు ఓవర్‌బూస్ట్‌లో తిరిగింది కాబట్టి టర్బోను కూడా ఒకసారి చూడాలి. ఇంజిన్ చల్లారాక గాలి వచ్చే గొట్టం విప్పి, కంప్రెసర్ చక్రం మధ్య నట్టును వేళ్లతో పట్టుకుని కదపండి. అటూ ఇటూ కొద్దిగా ఆడటం మామూలే, ఆయిల్ పొర మీద తేలే షాఫ్ట్ అది. రెక్కలు గోడకు రాసిన గీతలు ఉండకూడదు. ముందుకూ వెనక్కీ లాగితే చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. గొట్టంలో పల్చటి ఆయిల్ తడి ఉంటే కంగారు పడొద్దు, ఇంజిన్ లోపలి ఆవిరిని వదిలే బ్రీథర్ నుంచి వచ్చేదే. గుంటకట్టి నిలిస్తే మాత్రం సీళ్లు చూడాలి. అలా నిలిచిన బండిని ఘాట్‌కు తీసుకెళ్లకండి. ఆ ఆయిల్ ఇంజిన్‌లోకి పోయి డీజిల్‌లా మండడం మొదలైతే తాళం తీసినా ఇంజిన్ ఆగదు. అప్పుడు బ్రేక్ గట్టిగా నొక్కిపట్టి, పెద్ద గేర్ వేసి, క్లచ్ వదిలి ఇంజిన్‌ను బలవంతంగా ఆపాలి.

వేన్ల సంగతి: ఊళ్లో ట్రాఫిక్‌లో 1,500 లోపే నడిచే బండికి మసి పేరుకుంటుంది. వారానికోసారి, ఇంజిన్ బాగా వేడెక్కాక, హైవే మీద ఒక గేర్ తగ్గించి 2,500-3,000 మధ్య పదిహేను నిమిషాలు నడపండి. లోడ్ మీద వేన్లు అటు చివర నుంచి ఇటు చివరకు కదులుతాయి, మెత్తటి మసి నిలవదు. గట్టిపడ్డ మసికి ఇది పనిచేయదు, ఇన్‌టేక్‌లోకి గ్యాస్ పంపే కార్బన్ క్లీనింగూ పనిచేయదు. టర్బో విప్పి వేన్ రింగును చేత్తో కడగాల్సిందే. మీ రాడ్ వేడి మీద కూడా పట్టకుండా నడుస్తోంది కాబట్టి ఇప్పుడు ఆ ఖర్చు మీకు అక్కర్లేదు.